గురుత్వ క్షేత్రంలో కాంతి వేగం మారుతుందా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు

సందేహాల_సంచి:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఒక ఆన్‌లైన్ మాక్ టెస్టులో ఈ ప్రశ్న వచ్చింది: "గురుత్వ క్షేత్రంలో, శూన్యంలో పోయే కాంతి వేగం తగ్గుతుంది. ఒప్పా, తప్పా?" తప్పు అని పెట్టాను. కీలో కూడా అదే ఉంది, మార్కు పడింది. తరవాత ఊరికే చదువుతుంటే, 1911లో ఐన్‌స్టీనే కాంతి వేగం గురుత్వ పొటెన్షియల్‌ని (గురుత్వ క్షేత్రంలో ఆ చోటు ఎంత లోతున ఉందో చెప్పే విలువని) బట్టి మారుతుందని సమీకరణం రాశాడని తెలిసింది. మార్కు వచ్చింది గానీ మనసు కుదుటపడలేదు. అసలు మారుతుందా, మారదా? లెక్కలున్నా ఫరవాలేదు, మరీ టెన్సర్లతో కొట్టకండి.

నిప్పులవాగు:
మారదు. సెకనుకు 29,97,92,458 మీటర్లు. 1983 నుంచి మీటరు నిర్వచనమే దీని మీద నిలబడి ఉంది. దశాంశ బిందువు కూడా లేని అంకె అది. ఇక మారడానికి చోటెక్కడ?

వరంగల్_వామన:
మనం నిర్వచనం రాసుకుంటే ప్రకృతి నోరు మూసుకుంటుందా అన్నా? మీటరుని కాంతితో నిర్వచించి, అదే మీటరుతో కాంతిని కొలిస్తే ఎప్పుడూ ఒకే అంకె వస్తుంది. దాంతో రుజువయ్యేది ఏమీ లేదు.

1911 వ్యాసం సంగతి నేను చెబుతా. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం ఒక చోట కాంతి వేగం అంటే సీని, అంటే మామూలు కాంతి వేగాన్ని, (1 + పొటెన్షియల్ బై సీ స్క్వేర్)తో గుణించడమే. సూర్యుడి దగ్గర పొటెన్షియల్ రుణాత్మకం, కాబట్టి అక్కడ వేగం తక్కువ. తరంగంలో సూర్యుడి వైపు అంచు నెమ్మదిగా, అవతలి అంచు వేగంగా పోతే కిరణం సూర్యుడి వైపు తిరుగుతుంది. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్ర కాంతి 0.83 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగాలని ఇలాగే తేల్చాడు. 1917లో సామాన్య పాఠకుల కోసం వేసిన చిన్న పుస్తకంలో కూడా, కాంతి వేగం స్థిరమన్న సూత్రం గురుత్వం ఉన్నచోట అన్ని వేళలా చెల్లదనీ, చోటును బట్టి వేగం మారితేనే కిరణం వంగుతుందనీ రాశాడు. ఇది ఆయన మాటే, నాది కాదు. కీ తప్పు.

లెక్కల_మాస్టారు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేసి కొట్టుకుంటున్నారు. ఎక్కడున్న గడియారంతో కొలుస్తున్నారు?

సంచి బాబూ, నీకు టెన్సర్లు లేకుండానే చెబుతాను. నిలువుగా ఒక గొట్టం ఉందనుకో, లోపల శూన్యం. దాని పొడవు స్కేలు పెట్టి కొలిచాం. అడుగున దీపం, గడియారం. పైన అద్దం. దీపం వెలిగించి, కాంతి పైకెళ్లి అద్దానికి తగిలి తిరిగొచ్చేదాకా ఎంత సేపు పట్టిందో అడుగున ఉన్న గడియారంలో చూడు. రెండింతల పొడవుని సీతో భాగిస్తే వచ్చే దానికంటే రవ్వంత తక్కువ చూపిస్తుంది. ఇప్పుడు అద్దాన్ని కిందికీ, దీపాన్నీ గడియారాన్నీ పైకీ మార్చు. అదే గొట్టం, అదే పొడవు. ఈసారి రవ్వంత ఎక్కువ చూపిస్తుంది. పై గడియారం కింది గడియారం కంటే వేగంగా నడుస్తుంది కాబట్టి ఇది తప్పదు.

రవ్వంత అంటే ఎంత? హార్వర్డ్‌లో పౌండ్, రెబ్కా 1960లో ప్రయోగం చేసిన టవర్ ఎత్తు 22.5 మీటర్లు. అంత గొట్టంలో కాంతి పోయి రావడానికి 150 నానోసెకన్లు. అందులో తేడా సెకనులో 10 పవర్ మైనస్ 22 వంతుల్లో సుమారు రెండు వంతులు. ఏ గడియారమూ దాన్ని పట్టలేదు. అందుకే వాళ్లు ప్రయాణ సమయాన్ని కాకుండా పౌనఃపున్యాన్ని పట్టుకున్నారు. ఇనుము-57 విడుదల చేసే గామా కిరణం అంత ఎత్తు మారితే దాని పౌనఃపున్యం 2.5 ఇంటూ 10 పవర్ మైనస్ 15 వంతు మారాలి. పది శాతం కచ్చితత్వంతో అంతే వచ్చింది. తరవాత పౌండ్, స్నైడర్ దాన్ని ఒక శాతానికి తెచ్చారు.

ఇప్పుడు గొట్టాన్ని పొట్టి చేసుకుంటూ పో. పై గడియారం, కింది గడియారం చెప్పే జవాబులు దగ్గరవుతూ, చివరికి నిప్పులవాగు రాసిన అంకె దగ్గరే కలుస్తాయి. సాధారణ సాపేక్షతలో, అంటే ఐన్‌స్టీన్ 1915 నాటి గురుత్వ సిద్ధాంతంలో, "కాంతి వేగం స్థిరం" అంటే ఇంతే: కాంతి నీ పక్కనుంచి పోతున్నప్పుడు నీ గడియారం, నీ స్కేలుతో కొలిస్తే ఎప్పుడూ సీ. దూరాన పోతున్న కాంతికి నీ గడియారంతో వేగం కట్టాలంటే, నువ్వు ఎక్కడ నిలబడ్డావన్నది కూడా జవాబులోకి వచ్చేస్తుంది.

సందేహాల_సంచి:
మాస్టారూ, ఒక్క నిమిషం. అడుగున ఉన్నవాడికి సమయం తక్కువ పట్టింది అంటే, వాడి లెక్కలో పైన కాంతి సీ కంటే వేగంగా పోయినట్టు కదా? సీని ఎవరూ దాటకూడదనే రూల్ ఏమైంది?

లెక్కల_మాస్టారు:
అవును, వేగంగా పోయినట్టే. అయితే పైన కాంతితో పాటు పందెం పెట్టిన ఎలక్ట్రానయినా, న్యూట్రినో అయినా దాన్ని దాటలేదు. రూలు అక్కడిక్కడ జరిగే పందేనికి. దూరం నుంచి కట్టిన వేగానికి ఆ హద్దు వర్తించదు. "గురుత్వంలో కాంతి నెమ్మదిస్తుంది" అని ఒంటి వాక్యంగా చెప్పడం కూడా అందుకే నాకు నచ్చదు. నీకంటే లోతున ఉన్న కాంతి నెమ్మది, నీకంటే ఎత్తున ఉన్న కాంతి జోరు. నీ ఎదురుగా ఉన్నది సరిగ్గా సీ.

నిప్పులవాగు:
మాస్టారు గారూ, అది గడియారాల గొడవ, కాంతి గొడవ కాదు. గడియారాల తేడా సరిచేస్తే వేగం మళ్లీ సీయే వస్తుంది. దాన్ని "కాంతి వేగం మారింది" అనడం పేరుకే.

డాప్లర్_దొరసాని:
పేరుకే అనుకుంటే అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఇర్విన్ షాపిరో పని ఒకసారి చూడండి. నేను రేడియో ఖగోళంలో పనిచేస్తాను, నాకు ఇది రోజువారీ సరుకు.

1964లో ఆయన వేసిన ప్రశ్న ఇది. భూమి నుంచి రాడార్ పల్స్ పంపుదాం. శుక్రుడు సూర్యుడికి అవతలి వైపున్నప్పుడు ఆ పల్స్ సూర్యుడి అంచు పక్క నుంచి వెళ్లి, శుక్రుడికి తగిలి, అదే దారిలో తిరిగొస్తుంది. మొత్తం 28 నిమిషాలకు పైగా పట్టే ప్రయాణం. సాధారణ సాపేక్షత నిజమైతే ఇందులో 200 మైక్రోసెకన్లకు పైగా ఆలస్యం కావాలి. గ్రహణాల్లో వంపు, బుధుడి కక్ష్య తిరుగుడు, రెడ్‌షిఫ్ట్ (గురుత్వం నుంచి బయటికొచ్చే కాంతి పౌనఃపున్యం తగ్గడం) తరవాత ఇది నాలుగో పరీక్ష అని వ్యాసానికి ఆయన పేరే అలా పెట్టాడు. మసాచుసెట్స్‌లోని హేస్టాక్ యాంటెన్నాతో 1966, 67ల్లో శుక్రుడు, బుధుడు సూర్యుడి వెనక్కి వెళ్లినప్పుడు కొలిచి 1968లో ప్రచురించారు. సిద్ధాంతం చెప్పినదానికి 0.9 రెట్లు వచ్చింది, ప్లస్ ఆర్ మైనస్ 0.2.

పల్స్ పంపిందీ, అందుకుందీ ఒకే చోట. గడియారమూ ఒక్కటే, భూమి మీదిది. నిప్పులవాగు గారూ, ఇక్కడ ఏ గడియారంతో ఏ గడియారాన్ని సరిచేస్తారు? 28 నిమిషాల చివర ఆ ఆలస్యం కళ్ల ముందు ఉంది.

బందరు_బాబాయ్:
ఇందులో వింతేముందమ్మా? సూర్యుడి దగ్గర కాంతి వంగిపోతుంది, వంకర దారి పొడవు, పొడవు దారికి ఆలస్యం. వేగం ఊసెందుకు?

డాప్లర్_దొరసాని:
బాబాయ్ గారూ, చాలామంది ఇదే అనుకుంటారు. లెక్క వేసి చూస్తే నిలవదు. సూర్యుడి అంచున కాంతి వంగేది 1.75 ఆర్క్ సెకన్లు. అంత చిన్న వంపు వల్ల భూమి నుంచి శుక్రుడి దాకా దారి పెరిగేది మూడు మీటర్లు, ఆ కాస్త. రానూపోనూ కలిపినా పది మీటర్లు దాటదు. దానికి పట్టే సమయం 20 నానోసెకన్ల చిల్లర. చూసిన ఆలస్యమేమో 200 మైక్రోసెకన్లు దాటింది, అంటే 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం. మీటర్లెక్కడ, కిలోమీటర్లెక్కడ!

నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది: "సూర్యుడు లేకపోయుంటే ఎంత సేపు పట్టేది?" సూర్యుణ్ని పక్కకు జరిపి చూడలేం. ఏ నిరూపకాల్లో (చోటుకీ కాలానికీ అంకెలు వేసే ఏ పద్ధతిలో) దూరం రాస్తారన్నదాన్ని బట్టి ఆ "మామూలు సమయం" పది, ఇరవై మైక్రోసెకన్లు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఒక్క రోజు కొలతతో ఏమీ తేలదు. వారాల తరబడి కొలుస్తారు. గ్రహం సూర్యుడి అంచుకు దగ్గరవుతున్న కొద్దీ ఆలస్యం మెల్లగా పెరిగి, చివరి రోజుల్లో ఒక్కసారిగా పైకి లేచి, గ్రహం అవతలికి రాగానే అలాగే దిగిపోతుంది. గ్రాఫులో నిటారుగా మొన తేలిన ఆ ఆకారమే అసలు సాక్ష్యం. అది ఎవరి నిరూపకాలకూ లొంగదు.

ఇంకో తలనొప్పి శుక్రుడి కొండలు, లోయలు. పల్స్ తగిలింది కొండకో లోయకో తెలియకపోతే కిలోమీటర్ల తేడా వస్తుంది. అందుకే తరవాత గ్రహాల ప్రతిధ్వని వదిలేసి అంతరిక్ష నౌకల ట్రాన్స్‌పాండర్లను (అందిన సిగ్నల్‌ని వెంటనే తిప్పి పంపే పరికరాలను) నమ్ముకున్నారు. 1976 నవంబరులో అంగారకుడు సూర్యుడి వెనక్కి వెళ్లినప్పుడు, అక్కడ దిగి ఉన్న వైకింగ్ నౌకలతో చేసిన కొలతలు సిద్ధాంతంతో వెయ్యిలో ఒక వంతు లోపే సరిపోయాయి.

ప్రాచీన_విజ్ఞాని:
ఇదంతా మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. సాయణాచార్యులు అర నిమేషంలో 2202 యోజనాలు అని ఋగ్వేద భాష్యంలో రాసిపెట్టారు. గురుత్వం గిరుత్వం అని కాలయాపన దేనికి?

మోడరేటర్:
యోజనం ఎంత, నిమేషం ఎంత అన్న చర్చకు విడిగా దారం ఉంది, అక్కడ 40 పేజీలు నడిచింది కూడా. అక్కడికి వెళ్లండి. ఇక్కడ గురుత్వం వల్ల మార్పు ఉందా లేదా అన్నదే విషయం.

సందేహాల_సంచి:
దొరసాని గారూ, గాజులో కాంతి నెమ్మదించి వంగినట్టే కదా ఇది? సూర్యుడి చుట్టూ వక్రీభవన గుణకం ఉన్నట్టు రాసుకోవచ్చా?

డాప్లర్_దొరసాని:
రాసుకోవచ్చు, రాస్తారు కూడా. గుణకం అంటే 1 ప్లస్ 2జీఎం బై ఆర్ సీ స్క్వేర్ (జీ గురుత్వ స్థిరాంకం, ఎం సూర్యుడి ద్రవ్యరాశి, ఆర్ సూర్యుడి కేంద్రం నుంచి దూరం). దాంతో వంపు, ఆలస్యం రెండూ సరిగ్గా వస్తాయి. గాజుతో పోలిక తెగేది రంగు దగ్గర. గాజులో నీలం ఎక్కువ వంగుతుంది, ఎరుపు తక్కువ. గురుత్వానికి రంగు పట్టింపు లేదు. రేడియో తరంగమైనా గామా కిరణమైనా ఒకటే ఆలస్యం.

ఈ తేడా మా పాలిట వరం. సూర్యుడి చుట్టూ కరోనా ఉంది కదా, అది ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వేడి వాయువు. అది కూడా రేడియో పల్స్‌ని ఆలస్యం చేస్తుంది, కాకపోతే తక్కువ పౌనఃపున్యాన్ని ఎక్కువగా, ఎక్కువ పౌనఃపున్యాన్ని తక్కువగా. 2002లో శని గ్రహానికి వెళ్లే దారిలో ఉన్న కసీని నౌకతో ఎక్స్-బ్యాండ్, కేఏ-బ్యాండ్ అనే రెండు వేర్వేరు రేడియో పౌనఃపున్యాల్లోనూ సిగ్నల్ నడిపారు. రెండింటి మధ్య తేడా చూస్తే ప్లాస్మా వాటా ఎంతో తెలిసిపోతుంది. అది తీసేస్తే మిగిలింది గురుత్వం వాటా. 2003లో వచ్చిన ఫలితం సిద్ధాంతంతో లక్షలో రెండు మూడు వంతుల దాకా కలిసింది. ఇక్కడ నేరుగా కొలిచింది ఆలస్యాన్ని కాదు, అది రోజురోజుకీ మారే తీరు వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాని. మాస్టారు చెప్పిన టవర్ కథే మళ్లీ.

వరంగల్_వామన:
ఇన్ని చెప్పారు గానీ, 1911 సమీకరణం తప్పని మాత్రం ఎవరూ అనట్లేదు చూశారా!

లెక్కల_మాస్టారు:
వామనా, అది సగం సమీకరణం. 1911లో ఐన్‌స్టీన్ చేతిలో ఉన్నది తుల్యతా సూత్రం (గురుత్వమూ త్వరణమూ ఒక చోట ఒకేలా ఉంటాయన్నది) ఒక్కటే. దాంతో గడియారాలు నెమ్మదించే వాటా వస్తుంది. స్థలం కూడా వంగుతుందన్నది 1915లో గానీ రాలేదు. ఆ రెండో వాటా మొదటి దానికి సరిగ్గా సమానం. అందుకే 0.83 కాస్తా 1.7 అయింది. నువ్వు రాసిన సమీకరణాన్ని షాపిరో ప్రయోగానికి పెడితే సగం ఆలస్యమే వస్తుంది. హేస్టాక్ వాళ్ల 0.9కి అది ఆమడ దూరం.

పాత లెక్క ఎంత అదృష్టంగా తప్పించుకుందో చూడు. 1914 ఆగస్టు గ్రహణానికి ఫ్రాయిండ్లిష్ బృందం ఆ 0.83ని పరీక్షించాలని జర్మనీ నుంచి క్రిమియా వెళ్లింది. ఇంతలో యుద్ధం మొదలైంది, రష్యా వాళ్లను నిర్బంధించి పరికరాలు లాక్కుంది. ఫొటోలు పడి ఉంటే ఐన్‌స్టీన్ లెక్కకు రెట్టింపు వంపు వచ్చేది, సిద్ధాంతం తప్పింది అని పేపర్లు రాసేవి. 1919 మే 29న ప్రిన్సిపేలో ఎడింగ్టన్, బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో క్రోమెలిన్, డేవిడ్‌సన్ ఫొటోలు తీసేనాటికి లెక్క సరయ్యి ఉంది.

మన కొడైకెనాల్‌కు కూడా ఇందులో చెయ్యి ఉంది. అక్కడి అబ్జర్వేటరీ డైరెక్టర్ ఎవర్‌షెడ్ సూర్యుడి వర్ణపటంలో గురుత్వ రెడ్‌షిఫ్ట్ కోసం ఏళ్ల తరబడి వెతికాడు. 1922 గ్రహణానికి ఆస్ట్రేలియాలోని వల్లాల్ దాకా వెళ్లాడు. ఆయన గురించి ఎవరైనా విడిగా దారం తెరిస్తే నేను వస్తాను.

చీకటి_చుక్క:
కృష్ణబిలం అంచున కాంతి వేగం సున్నా అయిపోతుందని ఒక వీడియోలో విన్నాను. నిజమేనా? ఇంటర్ స్థాయిలో చెప్పండి ప్లీజ్.

లెక్కల_మాస్టారు:
ష్వార్జ్‌షీల్డ్ నిరూపకాల్లో రాస్తే నిజమే. అందులో కేంద్రం వైపు నేరుగా పోయే కాంతి వేగం అంటే సీ ఇంటూ (1 మైనస్ ఆర్ఎస్ బై ఆర్). ఆర్ అంటే కేంద్రం నుంచి దూరం, ఆర్ఎస్ అంటే ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్ధం, అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం అంచు ఉండే దూరం. అడ్డంగా పోయే కాంతికి ఆ బ్రాకెట్ వర్గమూలం. సూర్యుడికి ఆర్ఎస్ సుమారు 2.95 కిలోమీటర్లు, వ్యాసార్ధం 6,96,000 కిలోమీటర్లు. వేసి చూడు: సూర్యుడి ఉపరితలం దగ్గర నిలువు కాంతికి తగ్గేది సెకనుకు 1.27 కిలోమీటర్లు, అడ్డం కాంతికి అందులో సగం. కృష్ణబిలం అంచున ఆర్, ఆర్ఎస్ సమానం, కాబట్టి సున్నా.

అయితే నిలువుకూ అడ్డానికీ వేర్వేరు వేగాలు రావడం చూడగానే అనుమానం రావాలి. వేరే నిరూపకాలు తీసుకుంటే రెండు దిక్కుల్లోనూ ఒకటే వేగం వస్తుంది. గోడ మీద ప్రపంచ పటం తగిలించుకుని, అందులో విమానం సెకనుకు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కొలిచినట్టు ఉంటుంది ఇది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర మెర్కేటర్ పటం రెండింతలు సాగి ఉంటుంది, అక్కడ విమానం రెండింతలు వేగంగా పోతున్నట్టు కనిపిస్తుంది. పైలట్ ముందున్న మీటరులో మాత్రం అదే గంటకు 900 కిలోమీటర్లు.

పాన్‌లెవే, గుల్‌స్ట్రాండ్ 1921, 22ల్లో ఇచ్చిన నిరూపకాల్లో అయితే ఇంకా తమాషా. కృష్ణబిలం అంచున బయటికి రావాలని చూసే కాంతి వేగం సున్నా, లోపలికి పోయే కాంతి వేగం 2సీ! అదే చోట టార్చ్ పట్టుకుని పడిపోతున్నవాడు రెండు దిక్కుల్లోనూ కొలిస్తే సీ, సీ. వాడి కొలత ఏ పటానికీ మారదు.

నిప్పులవాగు:
నేను మొదటి నుంచీ చెప్పేదే ఇది. వాడు కొలిచిందే వేగం. మిగతావి పటం మీద మిల్లీమీటర్లు.

డాప్లర్_దొరసాని:
పటం మీద మిల్లీమీటర్లు అయితే 28 నిమిషాల తరవాత భూమి మీద గడియారంలో కనపడవు కదా. మీరు "వేగం" అన్న పేరు స్థానిక కొలతకే ఉంచుకుంటానంటే ఉంచుకోండి, దాని మీద నాకు తగాదా లేదు. ఆలస్యం మాత్రం నిజం. దానికి మీరు వాడే పేరు ఏదో చెప్పండి.

నిప్పులవాగు:
స్థలకాలపు వక్రత.

డాప్లర్_దొరసాని:
సరే. 😀 నాకూ అదే పేరు.

కక్ష్యలో_కాకి:
ఉపగ్రహ నావిగేషన్ వైపు నుంచి ఒక మాట. జీపీఎస్ గడియారాలు గురుత్వం వల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వేగం వల్ల 7 వెనక్కి, నికరంగా 38 ముందుకు పోతాయని అందరికీ తెలుసు. మన నావిక్ ఉపగ్రహాలు ఇంకా ఎత్తులో, 36 వేల కిలోమీటర్ల దగ్గర ఉంటాయి కాబట్టి లెక్క వేస్తే నికరం 46 చిల్లర వస్తుంది. ఇది గడియారాల వాటా.

ఈ దారానికి కావాల్సింది ఇంకొకటి: భూమి గురుత్వం వల్ల సిగ్నల్‌కి దారిలో అయ్యే ఆలస్యం, అంటే చిన్న సైజు షాపిరో. భూకేంద్ర నిరూపకాల్లో రాస్తే ఉపగ్రహం దిగంతం దగ్గర ఉన్నప్పుడు జీపీఎస్‌కి అది సుమారు 19 మిల్లీమీటర్ల దూరానికి సమానం. ఫోన్లో మ్యాప్ చూసుకునేవాడికి దీంతో పని లేదు. భూఫలకాలు ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు జరుగుతున్నాయో కొలిచేవాళ్లు మాత్రం దీన్ని తీసేయకుండా లెక్క ముందుకు తీసుకెళ్లరు.

సందేహాల_సంచి:
కాంతికే ఇలా అవుతుందా, గురుత్వ తరంగాలకు కూడానా?

డాప్లర్_దొరసాని:
వాటికీ అంతే. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంఘటనలో గురుత్వ తరంగాలు ముందు వచ్చాయి, 1.7 సెకన్ల తరవాత గామా కిరణాలు. 13 కోట్ల కాంతి సంవత్సరాల ప్రయాణం అది. దారిలో మన పాలపుంత గురుత్వం రెండింటినీ చాలా రోజులే ఆలస్యం చేసి ఉంటుంది. ఒకదాన్ని చేసి రెండోదాన్ని వదిలేసి ఉంటే ఇలా జంటగా వచ్చేవి కావు. అలా వదిలేస్తుందని చెప్పిన కొన్ని ప్రత్యామ్నాయ సిద్ధాంతాలు ఆ ఒక్క రోజుతో మూతపడ్డాయి. 1987 సూపర్‌నోవాలో న్యూట్రినోలు, కాంతి కొద్ది గంటల తేడాతో రావడాన్ని కూడా ఇలాగే వాడుకున్నారు.

వరంగల్_వామన:
మన దేశంలో ఈ ఆలస్యం కొలిచే పని ఎక్కడన్నా జరుగుతుందా? రాడార్లు మనకెక్కడివి?

డాప్లర్_దొరసాని:
రాడార్ అక్కర్లేదు, పల్సార్లు ఉన్నాయి. అంటే గిరగిరా తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో పల్స్‌లు పంపే న్యూట్రాన్ నక్షత్రాలు. జంటగా తిరిగే పల్సార్ తన తోడు నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు దాని పల్స్‌లు ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యం ఎంతో తెలిస్తే తోడు నక్షత్రం బరువు తెలుస్తుంది, దాన్నిబట్టి పల్సార్ బరువూ తెలుస్తుంది. 2010లో జే1614-2230 అనే పల్సార్‌ని అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోప్‌తో ఇలాగే తూచి, సూర్యుడికి 1.97 రెట్లు అని తేల్చారు. న్యూట్రాన్ నక్షత్రం అంత బరువు మోయలేదన్న నమూనాలు చాలా వరకు అక్కడితో ఆగాయి.

మన దగ్గర పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌తో పల్సార్ల సమయపాలన చేసే బృందం ఉంది, ఇన్‌పీటీఏ అంటారు. ఐఐటీ హైదరాబాద్ వాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్ల అసలు లక్ష్యం నానోహెర్ట్జ్ గురుత్వ తరంగాలు. అయినా జంట పల్సార్ సమయాల నమూనా రాసేటప్పుడు షాపిరో ఆలస్యం ఒక పదంగా వచ్చి కూర్చుంటుంది. సంచీ, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటున్నావా? పల్సార్ టైమింగ్ సాఫ్ట్‌వేర్, కొంత డేటా ఉచితంగానే దొరుకుతాయి. పైథాన్ వస్తే చాలు.

సందేహాల_సంచి:
పైథాన్ వచ్చు మేడమ్. లింకులు పర్సనల్ మెసేజ్‌లో పెడతారా?